గుర్తింపు పొందిన గుర్రపుడెక్క

ఈ ప్రాంతంలో ఇకమీదట గుర్తింపునకు నోచుకోని ఆక్రమణ జాతి ఒక్కటి కూడా ఉండబోదని జీవజాతుల శాఖ మంత్రిగారు పెద్ద చెరువు రేవులో మైకు ముందు నిలబడి ప్రకటించారు.

ఆక్రమణ జాతులంటే ఎక్కడి నుంచో వచ్చి, ఇక్కడి నేలనూ నీళ్లనూ పట్టుకుని, ఇక్కడివాటికి చోటు లేకుండా పెరిగే మొక్కలూ జీవాలూ. కొండల్లో, అడవిలో, బీళ్లలో, చెరువుల్లో వాటిని వెతికి, ఏది ఏదో పోల్చుకుని, ఎటు పాకుతున్నాయో కనిపెట్టి ఉండమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వులో ఉన్న మాట ‘గుర్తించాలి’ అనే. అయితే మంత్రిగారి ఉపన్యాసాలు రాసే కార్యదర్శికి పొట్టి మాటలు గిట్టవు. ‘గుర్తిస్తాం’ అంటే సంతలో పాత స్నేహితుణ్ణి పోల్చుకున్నట్టు ఉంటుందనీ, ప్రభుత్వ స్థాయికి తగదనీ భావించి ‘గుర్తింపునిస్తాం’ అని రాశాడు. మంత్రిగారు ఆ మాటను రెండుసార్లు చదివారు. రెండోసారి పిడికిలి కూడా బిగించారు.

నోరు జారిన మాట వెనక్కి రాదని పెద్దలు చెప్పింది మామూలు మనుషుల గురించి. మంత్రిగారి నోరు జారదు. జారినచోట ఒక కార్యాలయం ఏర్పడుతుంది.

ఆ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు పడవ సరంగు. అతని పడవకు ఇంజను లేదు, ఉన్నవి గడా తెడ్డూనే. అయినా అతని తండ్రిని సరంగు అన్నారు కాబట్టి అతన్నీ అలాగే అంటారు. రేవు నుంచి అవతలి ఒడ్డుకు పాలమ్మే ఆమెనీ, ఆసుపత్రి నర్సునీ, పిల్లల పరీక్ష పేపర్ల సంచీతో మేష్టారునీ చేరవేయడం అతని పని. భార్య ముందు నిలబడి గడ వేస్తుంటే అతను వెనక తెడ్డు వేసేవాడు. పోయిన వానాకాలంలో ఆమె పోయింది. ఇప్పుడు గడా అతనే, తెడ్డూ అతనే.

దానికి తోడు గుర్రపుడెక్క వచ్చిపడింది. మొదట చేటంత ఉండేది. ఊదారంగు పూలు చూసి నర్సు ముచ్చటపడింది కూడా. చూస్తుండగానే చాపంత అయింది, ఆపైన పందిరంత, ఇప్పుడు రేవంతా అదే. పడవ ముక్కు దూరడానికి సందు లేదు. జనం చెరువు చుట్టూ తిరిగి వెళ్లే బస్సుకు అలవాటు పడుతున్నారు. బస్సుకు ఒకసారి అలవాటుపడ్డ మనిషి మళ్లీ పడవ ఎక్కడని సరంగుకు తెలుసు. అతనికి ఆ పడవ తప్ప చేతిలో పనీ లేదు, ఇంట్లో మనిషీ లేదు.

“చూశావా వదినా, మంత్రిగారు స్వయంగా వచ్చారు. ఇంక దీని పని అయిపోయినట్టే,” అన్నాడు.

రేవులో టీకొట్టు నడిపేది అతని భార్య అక్కే. ఆమె గ్లాసులు కడుగుతూ తల ఎత్తకుండా, “ఆయన పీకుతానన్నాడా మరిదీ?” అంది.

“గుర్తింపునిస్తానన్నారు.”

“నీకు పెళ్లినాడు కూడా ఇంతే. మంత్రం అర్థం కాకపోయినా తలూపావు.”

*

ఆ వారంలోనే గుర్తింపు అధికారి వచ్చాడు. మంచి మనిషి. ఎండలో గొడుగు తను వేసుకోకుండా రికార్డుల మీద పట్టేంత మంచివాడు. ఒక అట్టపెట్టె నిండా పసుపురంగు ప్లాస్టిక్ బిళ్లలు తెచ్చాడు. ప్రతి బిళ్ల మీదా ఒక నంబరు, దాని కింద ‘గుర్తింపు పొందినది’ అనే అక్షరాలు.

ఆయన అప్పటికే కొండలూ బీళ్లూ పూర్తిచేసుకుని వచ్చాడు. టీ తాగుతూ ఆ విశేషాలన్నీ విసుగు లేకుండా చెప్పాడు. బీళ్లలో వయ్యారిభామ ఒక్కో మొక్కకీ బిళ్ల కట్టలేక, పెద్దదానికి కట్టి మిగతావాటిని కుటుంబ సభ్యులుగా చూపారు. సర్కారు తుమ్మ దగ్గర మాత్రం పెద్ద చర్చే జరిగింది. పేరులోనే సర్కారు ఉన్నదానికి మళ్లీ గుర్తింపు ఏమిటని గుర్తింపు కమిటీలో ఒక సభ్యుడు లేచి నిలబడ్డాడు. చివరికి దానికి సీనియారిటీ ప్రకారం మొదటి నంబరు ఇచ్చారు. తోటల్లో పడిన పెద్ద నత్తలకు బిళ్లలు అంటించి, అవి ఎటు పోతున్నాయో చూడటానికి ట్రాకింగ్ బృందాన్ని వేశారు.

“అదెలా ఉందండీ?” అన్నాడు సరంగు, మర్యాదకు.

“బృందం కొంచెం వెనకబడింది,” అన్నాడు అధికారి నిజాయితీగా. “జీపు రావాలి.”

టీ అయ్యాక ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగి, గుర్రపుడెక్కకు బిళ్ల కట్టాడు. ఫోటో తీయించాడు. సరంగు అప్పటికే కొడవలి నూరి పెట్టుకున్నాడు. ఫోటో అవగానే మొదటి గుత్తిని పట్టుకుని కొడవలి ఆనించాడు.

“ఏయ్, ఏయ్! ఏం చేస్తున్నావు?”

“కోస్తున్నానండీ. గుర్తించేశారు కదా.”

“గుర్తింపు ఇచ్చాం నాయనా. గుర్తింపు ఉన్నదాన్ని ఎలా కోస్తావు? గుర్తింపు ఉన్న బడిని పడగొడతావా?”

“బడి మా దారికి అడ్డం రాదండీ.”

“అదీ ఆలోచించాం. ఇక్కడ ఎవరు ఎవరికి అడ్డం అన్నది రికార్డు చెప్పాలి గానీ నువ్వు చెప్పకూడదు.” ఆయన రేవంతా చూపు తిప్పాడు. చూపు పడవ దగ్గర ఆగింది. “దీనికి గుర్తింపు ఉందా?”

“మా నాన్న హయాం నుంచీ ఉందండీ.”

“ఉండటం వేరు, గుర్తింపు ఉండటం వేరు.”

ఆయన చాలా బాధపడుతూనే చెప్పాడు. ఇప్పుడు ఈ రేవులో గుర్తింపు లేనిది ఆ పడవ ఒక్కటే. గుర్తింపు లేని వస్తువు గుర్తింపు ఉన్నదానికి ఆటంకంగా ఉంటే తొలగించాలని నియమం. నెలాఖరులోగా లారీ వస్తుంది. ఎక్కించేటప్పుడు గీతలు పడకుండా చూసే పూచీ తనదన్నాడు.

సరంగు కొడవలి పడవలో పెట్టాడు. వదినే అడిగింది:

“బాబూ, ఈ గుర్తింపు ఎవరెవరికి ఇస్తారు?”

“ఆక్రమణ జాతులకేనమ్మా. వేరే స్కీము లేదు.”

“అంటే బయటి నుంచి వచ్చి ఇక్కడ తిష్ట వేసినదేదైనా సరేనా?”

“ఏదైనా సరే.”

ఆమె మరిది వైపు తిరిగింది. “విన్నావుగా. ఆ పడవ కర్ర ఈ ఊళ్లో పుట్టిందా? మీ నాన్న ఎక్కడి నుంచో తెప్పించాడు. పో, రాయించుకురా.”

“పడవనా? మొక్కల్లోనా?”

“లారీలో పోవడం కంటే మొక్కల్లో ఉండటం నయం. పో.”

*

గుర్తింపు కార్యాలయం పాత తపాలా భవనం మేడ మీద ఉంది. మెట్లకు సగంలో జిరాక్సు మిషను పెట్టారు. దాన్ని దాటాలంటే పక్కకు తిరిగి పొట్ట బిగబట్టాలి. పైకి వెళ్లేకొద్దీ సిబ్బంది సన్నబడుతూ కనిపించడానికి కారణం అదేనని సరంగుకు దాటాక అర్థమైంది.

అధికారి అతన్ని చూసి సంతోషించాడు. దరఖాస్తు పెట్టడానికి తనంతట తానుగా వచ్చిన మొదటి మనిషి అతనేనట. ఇంతవరకూ ఏ మొక్కా అంత చొరవ చూపలేదు.

“ఎక్కడి నుంచి వచ్చింది?”

“కర్ర ఎక్కడో దూరపు అడవిదండీ. మా నాన్నకి కూడా సరిగ్గా తెలీదు.”

“విదేశీ. బాగుంది. నీళ్లలో ఉంటుందా, నేల మీదా?”

“నీళ్లలోనేనండీ. ఏడాదికోసారి ఒడ్డుకు లాగుతాం.”

“ఉభయచరం. ఆహారం?”

“తారండీ. ఎండాకాలంలో అడుగున పూస్తాం. బాగా తాగుతుంది.”

“ఇక్కడి జీవాలకు హాని?”

సరంగు ఆలోచించాడు. “మేష్టారు ఒకసారి ఎక్కుతూ కాలు బెణికించుకున్నారు.”

“స్వల్పంగా,” అని రాసుకున్నాడు అధికారి. “ఒంటరిదా, జంట ఉందా?”

సరంగు కిటికీలోంచి బయటికి చూశాడు. కింద వీధిలో ఎవరో సైకిలు చైను బిగించుకుంటున్నారు.

“ఇదివరకు...” అని ఆగాడు. “ఒంటరేనండీ.”

“అదృష్టం. పెరగదు,” అన్నాడు అధికారి ఆప్యాయంగా, బిళ్ల అతని చేతిలో పెడుతూ.

బిళ్ల తీసుకుని లేచి, గుమ్మం దాకా వెళ్లి, సరంగు వెనక్కి తిరిగాడు. “అయితే లారీ రాదు కదండీ?”

“ఎందుకొస్తుంది? గుర్తింపు ఉన్నదాన్ని తాకే ధైర్యం ఎవరికుంది?”

“ఇక నేను పడవ నడుపుకోవచ్చా?”

“కదపకూడదు.”

“పడవండీ.”

“ఆక్రమణ జాతి. ఉన్నచోటి నుంచి ఇంకో చోటికి వెళ్తే దాన్ని వ్యాప్తి అంటారు. వ్యాప్తిని అరికట్టడమే మా ధ్యేయం. గోడ మీద కూడా రాయించాం, చూడలేదా?”

చూశాడు. జిరాక్సు మిషను వెనక సగం కనిపిస్తోంది.

*

ఆ విధంగా పడవ దక్కింది, ప్రయాణం పోయింది. పసుపు బిళ్లతో పడవ రేవులోనే ఉండిపోయింది. గుర్రపుడెక్క దాని చుట్టూ, దానికి బంధువులా, ఒరుసుకుని పెరిగింది. పాలామె బస్సు ఎక్కింది. మేష్టారు ఎక్కాడు. నర్సు మాత్రం రోజూ ఒకసారి రేవుకు వచ్చి, “అన్నా, ఇవాళేమైనా?” అని అడిగి వెళ్లేది. కొన్నాళ్లకు ఆమె కూడా దూరం నుంచే చెయ్యి ఊపి సాగిపోయేది. సరంగు పొద్దున్నే వచ్చి పడవలో చేరిన నీళ్లు తోడి, టీకొట్టు బల్ల మీద కూర్చునేవాడు. వదిన ముక్కుసూటి మనిషే గానీ, ఆ రోజుల్లో అతన్ని ఏమీ అనలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

చలికాలం రాగానే కార్యక్రమ ఫలితాలు ప్రజలకు వివరించడానికి మంత్రిగారు మళ్లీ వచ్చారు. అదే రేవు, అదే మైకు. పూలదండ మాత్రం ముందుకంటే లావైంది.

ఫలితాలు ఆయన దాపరికం లేకుండా చెప్పారు. వయ్యారిభామ రెట్టింపైంది, అంటే గుర్తింపు పట్ల వాటిలో ఉత్సాహం పెరిగింది. సర్కారు తుమ్మ పక్క మండలానికి పాకింది, అంటే పథకం విస్తరించింది. నత్తలు ఎక్కడున్నాయో ఇంకా తేలలేదు, ట్రాకింగ్ బృందం ఎక్కడుందో తేలింది.

“కానీ,” అని మంత్రిగారు గొంతు తగ్గించారు. “ఒక జాతి ఉంది. దాన్ని మనం పూర్తిగా అరికట్టాం! గుర్తింపు పొందిన రోజు నుంచి ఈ రోజు వరకూ అంగుళం కదల్లేదు. ఆకు వేయలేదు, పిల్ల పెట్టలేదు. ఒక ఆక్రమణ జాతిని ఇంత సంపూర్ణంగా లొంగదీసిన చరిత్ర ఎక్కడైనా ఉందా?”

లేదని జనం ఒప్పుకున్నారు. మంత్రిగారు చెయ్యి చాపి పడవను చూపించారు. ఫోటోలు తీశారు.

“చప్పట్లు కొట్టు మరిదీ. నిన్నే పొగుడుతున్నారు,” అంది వదిన.

సరంగు కొట్టలేదు. అతను చెరువు వైపు చూస్తున్నాడు. సభ మొదలైన దగ్గర్నుంచీ గాలి ఒడ్డు మీద నుంచి నీళ్ల వైపు వీస్తోంది. గుర్రపుడెక్కకు ట్రాకింగ్ ఉంది గానీ గాలికి లేదు. చాపకు చాపే రేవును వదిలి మెల్లగా చెరువు కొసకు జరిగిపోతోంది. పడవ ముందు నీళ్లు కనిపిస్తున్నాయి. ఎన్నాళ్లకో, నల్లగా, శుభ్రంగా.

సరిగ్గా అప్పుడే మంత్రిగారి పీఏ వేదిక వెనక చెమటలు కక్కుతున్నాడు. అవతలి ఒడ్డున ముఖ్యమంత్రిగారి సభకు మంత్రిగారు వెళ్లాలి. రోడ్డంతా మంత్రిగారి సభకు జనాన్ని తెచ్చిన బస్సులే. కారు కదలదు.

“పడవ ఉందిగా,” అన్నారు మంత్రిగారు.

గుర్తింపు అధికారి ముందుకు దూకాడు. “సార్, అది ఆక్రమణ జాతి! కదిలితే వ్యాప్తి అవుతుంది సార్! ఇప్పుడే మీరు...”

పీఏ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. “మీరు ఎక్కితే వ్యాప్తి. మంత్రిగారు ఎక్కితే పర్యటన.”

మంత్రిగారు ఎక్కారు. వెనకే పీఏ ఎక్కాడు. ఆ వెనక, ఎవరూ పిలవకుండానే, పాలామె తన డబ్బాతో, నర్సు తన సంచీతో ఎక్కేశారు. పీఏ దించబోయాడు.

“ఉండనీవయ్యా, ఫోటోలో ప్రజలు ఉండాలి,” అన్నారు మంత్రిగారు.

సరంగు తాడు విప్పాడు. ముందుకెళ్లి గడ వేసి పడవను నెట్టాడు, మనుషుల మోకాళ్లు దాటుకుంటూ వెనక్కి వచ్చి తెడ్డు పట్టాడు. ముక్కు పక్కకు తిరగబోతే మళ్లీ ముందుకెళ్లాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. మంత్రిగారు కొంతసేపు చూశారు.

“ఇది ఇద్దరు చేసే పనిలా ఉందే?”

“అవునండీ.”

సరంగు ముందుకు వెళ్లాడు. నర్సు చీర కుచ్చిళ్లు దోపుకుని, అడగకుండానే లేచి, వెనక తెడ్డు పట్టుకుంది.

*

అవతలి ఒడ్డుకు గుర్తింపు అధికారి వేరు. కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఆ ఏడు గాలి వాలు వల్ల గుర్రపుడెక్క అంతా ఇవతలే ఉండిపోయి, అతనికి లక్ష్యంలో ఒక్క జాతి కూడా దొరకలేదు. పైనుంచి సంజాయిషీ కూడా అడిగారు. పసుపు బిళ్లతో వచ్చి ఆగిన పడవను చూడగానే అతని మొహం వెలిగిపోయింది. మంత్రిగారు ఇంకా దిగకముందే రెండో బిళ్ల కట్టేశాడు.

“మా ఒడ్డుకు కొత్త జాతి వచ్చింది సార్!” అని అక్కడికక్కడే పై ఆఫీసుకు ఫోను చేశాడు. అవతలి నుంచి ఏదో అడిగారు. “దేని ద్వారానా? గాలి కాదు సార్. నీటి ప్రవాహమూ కాదు.” ఒకసారి తల తిప్పి చూసి నిజమే చెప్పాడు. “మంత్రిగారి ద్వారా సార్.”

ఆ నిజం మీద పై ఆఫీసులో వారం రోజులు ఫైలు నడిచింది. మంత్రిగారు ఆక్రమణ జాతిని వ్యాపింపజేశారని రాయడానికి వీల్లేదు. రాయకుండా ఉంటే రెండో ఒడ్డున బిళ్ల ఎలా వచ్చిందో చెప్పాలి. మంత్రిగారి కార్యదర్శి మళ్లీ ఒక పొడుగు మాట కనిపెట్టాడు. అది వ్యాప్తి కాదు, ‘సంచారం’ అన్నాడు. రెండు ఒడ్డుల్లోనూ గుర్తింపు ఉన్న సంచార జాతి. సంచార జాతిని ట్రాకింగ్ చేయాలంటే అది సంచరించాలి. సంచరించాలంటే దారి ఉండాలి. దారిలో అడ్డం ఉన్నదాన్ని తీసేయాలి.

నెల తిరక్కుండా కూలీలు దిగారు. రేవు నుంచి అవతలి ఒడ్డు దాకా, గాలి తిరిగాక మళ్లీ కమ్ముకున్న గుర్రపుడెక్కను లాగేసి, రెండు పక్కలా వెదురు కట్టి, కొత్త బోర్డు పాతారు: ‘ఆక్రమణ జాతి సంచార మార్గం. ఆటంకపరచువారు శిక్షార్హులు.’

సరంగు రోజూ అవతలికీ ఇవతలికీ సంచరిస్తున్నాడు. పాలామె బస్సు మానేసింది. మేష్టారు కూడా కాలు జాగ్రత్తగా పెట్టి ఎక్కుతున్నాడు. ట్రాకింగ్ బృందంలో మనిషి ఒకడు పడవలోనే కూర్చుని పడవ ఎటు పోతోందో రాసుకుంటాడు. అతన్ని వదిన తెడ్డు పనికి పెట్టింది.

“నేను నిఘా విభాగం అత్తా,” అని అతను మొత్తుకున్నాడు.

“కళ్లతో కదా నిఘా. చేతులు ఖాళీయే,” అంది వదిన.

ఇక లాగేసిన గుర్రపుడెక్క సంగతి. అది గుర్తింపు పొందినది కాబట్టి పారేయకూడదు, తగలబెట్టకూడదు. దానికి గౌరవంగా పునరావాసం కల్పించాలని నిర్ణయించారు. తడి ఆరకుండా గోనెలు కప్పి, బిళ్లలతో సహా లారీలకెత్తించి, ఇంతవరకూ అటువంటిది ఎరగని చోటు చూసి పంపించారు.

ఒక మధ్యాహ్నం ట్రిప్పు ముగించుకుని సరంగు టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. ఎండకు నల్లబడిన మనిషి, అరచేతుల్లో కాయలు. ఎవరో చెప్పక్కర్లేదు. సరంగు తన అరచేతులు చూసుకుంటే చాలు.

“అన్నా, మాది కొండ అవతలి చెరువు,” అన్నాడతను. “ఆమధ్య మీ దగ్గర్నుంచి లారీలు వచ్చాయి. మంత్రిగారు దండ వేసి దింపారు. మొదట చేటంతే ఉంది. మా ఆవిడ పూలు బాగున్నాయంది.”

వదిన గ్లాసు కడగడం ఆపింది.

“ఇవాళ పొద్దున పడవ కదల్లేదన్నా. ఇక్కడెవరో పడవని రాయించుకుంటే దారి వచ్చిందని చెప్పారు. ఆ ఆఫీసు ఎక్కడ?”

పడవలోంచి నిఘా మనిషి, జనం ఎక్కారు రమ్మని కేకేస్తున్నాడు.

“వదినా, ఈయనకి టీ ఇవ్వు,” అని, సరంగు బల్ల మీద అతని పక్కన కూర్చున్నాడు.